వంటోళ్ల బంతి

హన్మకొండ కుమార్‌పల్లి సందులో పొద్దున్నే నల్లా వస్తుంది. నల్లా వస్తే బిందెలు లేస్తాయి, బిందెలతోపాటు గొంతులూ లేస్తాయి. ఆ సందడి మధ్య ఉప్పలయ్య గడప పక్కన నులక మంచంలో పడుకుని, బిందెలో నీళ్లు పడే చప్పుడు విని, కూతురితో రోజూ చెప్పే మాటే మళ్లీ చెప్పాడు.

"నన్ను ఊరికెల్లి తేనీకి నువ్వు ఆటో మాట్లాడినవ్. మన ఊరి ధర్మసాగర్ చెరువు చూడు, ఎవలు పిలవకున్నా పైపులు పట్టుకొని నా వెనకనే వచ్చింది."

"చెరువు ముచ్చట తర్వాత. నోరు తెరువు బాపూ," అన్నది రమ. ఆమె చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో రాగిజావ.

"తెరిస్తే ఈగలు పోతయ్."

"రెండే బుక్కలు. నా మీద ఒట్టు."

ఒట్టు అన్నాక ఉప్పలయ్య నోరు తెరిచాడు. చెంచా లోపలికి పోయింది కానీ జావ గొంతు దిగలేదు. చాలాసేపు బుగ్గన పెట్టుకుని, చివరికి పక్కనున్న చెంబులో ఉమ్మేసి, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా గోడవైపు తిరిగిపోయాడు.

రమ భర్త సుదర్శన్ ములుగు బస్సులో కండక్టరు. డ్యూటీకి తయారై వచ్చి, ఇదంతా చూసి మెల్లగా అడిగాడు. "నువ్వన్న తిన్నవా?"

"బాపు కడుపుల ఇంత పడనియ్యి, తింట."

"నిన్న గూడ గిట్లనే అంటివి."

"నిన్న గూడ బాపు తినలే గద!"

సుదర్శన్ తన ఉప్మా ప్లేటు వైపు చూశాడు. మామ పస్తుంటే, భార్య పస్తుంటే, తానొక్కడూ గోడ వైపు తిరిగి ఉప్మా మింగడం దొంగతనంలా అనిపించింది. ప్లేటు మీద మూతపెట్టి సంచి భుజానికి తగిలించుకున్నాడు. అలా ఆ ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ముగ్గురు చిక్కిపోతున్నారు.

కడుపులో గడ్డ ముదిరిపోయిందనీ, ఈ వయసులో కోత పెట్టి లాభం లేదనీ డాక్టరు చెప్పేశాడు. నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపుతూ, "నోటితో ఎంత తీసుకుంటే అంత మంచిదమ్మా. వచ్చే సోమవారం దాకా ఏమీ దిగకపోతే, అడ్మిట్ చేసి ముక్కులోంచి పైపు వేసే విషయం మాట్లాడుకుందాం," అన్నాడు. ఉప్పలయ్య పైపు వద్దన్నాడు. రమ పైపు వేయించైనా తండ్రిని నిలుపుకుంటానన్నది. ఇంట్లో లొల్లి అంతా ఇదే.

ఇంతకీ ఉప్పలయ్య ఎవరో చెప్పలేదు కదూ. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు వంట చేసిన మనిషి. గ్యాసు పొయ్యిలూ, టోపీలు పెట్టుకున్న క్యాటరింగు పిల్లలూ రాకముందు, ఘన్‌పూర్ నుంచి ములుగు దాకా ఆయన గుండిగ పొయ్యి ఎక్కని ఊరు లేదు. ఆయన పప్పుచారుకు పోపు పెడితే కాజీపేటలో ఆగాల్సిన పని లేని రైలు ఆగిందనీ, డ్రైవరు గిన్నె పట్టుకుని దిగాడనీ ఆయన స్నేహితుడు సదానందం చెబుతాడు. ఆ మాటలో సగం తీసేసినా మిగతా సగం నమ్మేట్టు ఉండదు. ఒక్కటి మాత్రం నిజం. ఉప్పలయ్య ఎన్నడూ వంట రుచి చూసేవాడు కాదు. గుండిగ మీద వంగి వాసన చూసి ఉప్పు చెప్పేవాడు. ఒక పెళ్లిలో ఉప్పు తేడా వచ్చిందని, మగపెళ్లివాళ్లు ఆకుల ముందు కూర్చుని ఉండగానే, గుండిగెడు పప్పుచారు మోరీలో కుమ్మరించి మళ్లీ ఎసరు పెట్టాడు. ఆ ఉప్పు వేసింది సదానందం. ఆ రోజు గంటె దెబ్బ తప్పించుకోవడానికి తాను చింతచెట్టెక్కానని ఆయనే చెబుతాడు.

రమకు గుర్తున్నది వేరే. చిన్నప్పుడు తల్లి చిలుకమ్మతో పాటు ఆ పెళ్లిళ్లకు పోయేది. నేల మీద వరసగా ఆకులు వేసి జనం కూర్చుంటే దాన్ని బంతి అంటారు. పిల్లల్ని మొదటి బంతిలోనే కూర్చోబెట్టేవాళ్లు. "బాపూ, నువ్వు రావా?" అంటే, "నేను వంటోళ్ల బంతిల తింట బిడ్డా," అనేవాడు. పెళ్లివాళ్లూ, ఊరివాళ్లూ, బాజాలవాళ్లూ అందరి బంతులూ లేచాక, ఎంగిలాకులు ఎత్తేశాక, ఆఖరున వండినవాళ్లు కూర్చుంటారు. అప్పటికి రమ ఏ బియ్యం మూట మీదనో నిద్రపోయి ఉండేది. తండ్రి అన్నం తింటుండగా చూసిన గుర్తు ఆమెకు లేదు.

*

మర్నాడు సందులోకి ఒక ఆటో వచ్చింది. దాని నెత్తిన బోర్లించిన ఇత్తడి గుండిగ, పక్కన మనిషి పొడవు గంటె. ఎవరి ఇంటి ఫంక్షన్ సామానో దారి తప్పి వచ్చిందనుకుంది రమ.

ముందు బక్కమ్మ దిగింది. పేరుకే బక్కమ్మ, ఆమె దిగాక ఆటో జానెడు పైకి లేచింది. ఆమెది తొర్రూరు. కూరగాయలు కోయడంలో, బియ్యం కడగడంలో ఆ ముఠాకు ఆమే పెద్ద. తర్వాత ధర్మసాగర్ సదానందం, పొయ్యి మంట ఆయనది. చివరికి ములుగు లక్ష్మీనారాయణ, లడ్డూలు, బూంది, ఇంకా అబద్ధాలు ఆయన శాఖ. ములుగు బస్టాండులో సుదర్శన్ తనతో ఒక్క మాట చెప్పిందే పాపం, లక్ష్మీనారాయణ మిగతా ఇద్దరికీ ఫోన్లు కొట్టి పోగు చేసుకొచ్చాడు.

"ఏం రా ఉప్పలిగా, పోతాన్నవట గద?" అన్నాడు సదానందం మంచం పక్కన చతికిలబడుతూ.

"పోదామనే ఉన్న. నా కత్తిపీట తీస్కపోయి ఇయ్యలేదని ఆగిన."

"అది బక్కవ్వ తాన ఉన్నది."

"నేనియ్య," అన్నది బక్కమ్మ. "ఇస్తే పోతవట గద."

ఉప్పలయ్య నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే నొప్పొచ్చింది, అయినా నవ్వు ఆపలేదు. తండ్రి పళ్లు చూసి ఎన్నాళ్లయిందో అనుకుంటూ రమ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. సాయంత్రానికి పోతార్లే అనుకుంది. జబ్బు మనిషిని చూడవచ్చిన వాళ్లు అరటిపండ్లు పెట్టి, కాసేపు కండ్లు తుడుచుకుని పోవడమే ఆమె చూసింది. వీళ్లు అరటిపండ్లు తేలేదు. బక్కమ్మ మూట విప్పి చీరలు దండెం మీద వేసుకుంది.

"మేం చూసిపోనీకి రాలే బిడ్డా. ఉండనీకి వచ్చినం."

ఉన్నారు కూడా. ఉప్పలయ్యను స్నానానికి తీసుకుపోవడం అప్పటిదాకా సుదర్శన్‌కు పెద్ద పరీక్ష. సదానందం, లక్ష్మీనారాయణ ఆయన కింద మందపాటి దుప్పటి జొనిపి, చెరో వైపు పట్టి, "హుషార్... లేపు... జర వంచు... దించు" అంటూ, పొయ్యి మీంచి కాగే గుండిగ దించినట్టు చుక్క తొణక్కుండా దించారు.

"గిన్ని గుండిగలు దించినం గని, మాట్లాడే గుండిగ ఇదే మొదటిది," అన్నాడు లక్ష్మీనారాయణ.

"అడుగంటింది, జాగ్రత్త," అన్నాడు ఉప్పలయ్య.

ఆ మధ్యాహ్నం రమ చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. కానీ లేచి చూస్తే తండ్రి ముందు గిన్నె అట్లాగే ఉంది. సదానందం బతిమాలాడు, బక్కమ్మ తిట్టింది, లక్ష్మీనారాయణ చంటిపిల్లలకు చెప్పినట్టు పులి కథ చెప్పాడు. గొంతు దిగలేదు.

ఇలా శనివారం వచ్చింది.

*

శనివారం రమ మందుల షాపుకు పోయి వచ్చేసరికి సందు నిండా పొగ. ఇంటి ముందు మూడు రాళ్లు, రాళ్ల మీద గుండిగ, గుండిగలో గళగళ ఉడుకుతున్న జావ. లక్ష్మీనారాయణ గంటె తిప్పుతున్నాడు.

"ఏంది కాకా ఇది? ఎంతమందికి?"

"ఒక్కనికే. మీ బాపుకే," అన్నాడాయన అమాయకంగా. "మా చేతి జావైతే దిగుతదేమో అని. ఒక్కనికి వండుడు మాకు ఎరుకలేదు బిడ్డా. సోలెడు పిండి వేస్తే గుండిగ అడుగే తడువకపాయె. మంచిగ కనవడే దాక పోసిన."

రమ ఏదో అనబోయింది. అంతలో లోపలినుంచి తండ్రి గొంతు వినపడింది.

"సోమారం నన్ను దవాఖానకు పోనియ్యకు సదానందం. ఆ పైపు నాకద్దు. మాటియ్యి."

"ఇస్తాన్న పో. మేమున్నం గద, నువ్వు ఫికర్ చెయ్యకు."

మందుల సంచి గడప మీద పడేసి రమ లోపలికి వెళ్లింది.

"ఎవలు కాకా నువ్వు మాటియ్యనీకి? ఎవలనడిగి ఇచ్చినవ్?"

సదానందం లేచి నిలబడ్డాడు. "అట్ల గాదు బిడ్డా..."

"ఎట్ల గాదు? పెండ్లికొచ్చినట్టొచ్చిర్రు. గుండిగ తెచ్చిర్రు, ముచ్చట్లు తెచ్చిర్రు. రేపు గుండిగ నెత్తికెత్తుకొని పోతరు. అప్పుడు ఈ ఖాళీ మంచం ముందట కూసునేది ఎవలు? మా బాపు కడుపు మాడి పోయిండని బతికినన్ని రోజులు ఏడ్సేది ఎవలు?"

"రమా," అన్నది బక్కమ్మ చెయ్యి పట్టుకోబోతూ.

"నువ్వు నడుమ రాకు అత్తా! ఊరూరికి పెట్టిన మనిషి. గసొంటి మనిషి నా ఇంట్ల పస్తుండి పోవాల్నా? నేనేం పాపం చేసిన? పొద్దున లేస్తే ఆయన నోరు చూస్తాన్న. ఆ నోరు తెరువది. పైపుతోని పోతదంటే అది గూడ వద్దంటరు!"

"వాళ్లనేం అనకు బిడ్డా," అన్నాడు ఉప్పలయ్య మంచంలోంచి.

"నువ్వు మాట్లాడకు బాపూ. నువ్వు తిను, వాళ్లను నెత్తిమీద పెట్టుకుంట. నువ్వు తినవు, వాళ్లు తినిపియ్యరు. సాయంత్రం బస్సుకు అందరు పోండ్రి."

ఉప్పలయ్య కండ్లు మూసుకున్నాడు. సదానందం మొలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు. బక్కమ్మ దండెం మీది చీరలు ఒక్కొక్కటే తీసింది. తీసి, మూట కట్టబోయి, బయటికి చూసింది.

"పోతం బిడ్డా. నువ్వన్నదాంట్ల తప్పు లేదు. గని వండింది మోరీల పోసి పోవుడు నాతోని కాదు. గుండిగ ఖాళీ చేసి పోతం."

ఎదురుగా కొత్త ఇల్లు కడుతున్నారు. తాపీ మేస్త్రీలు, ఇటుకలు మోసే ఆడవాళ్లు నీడకు కూర్చుని ఉన్నారు. బక్కమ్మ వాళ్లను కేకేసింది. పక్కింట్లో కిరాయికుంటున్న నర్సింగు చదివే పిల్లలను కేకేసింది. నల్లా దగ్గరి ఆడవాళ్లకు, గ్లాసులు తెచ్చుకొమ్మని చెప్పింది. చూస్తుండగానే గోడ వారగా, ఒకరి పక్కన ఒకరు బంతి కుదిరింది. సదానందం బకెట్‌లోకి జావ వంచుకుని వరస మొదలుపెట్టాడు.

"మంచం జర బయటికి తిప్పుర్రి," అన్నాడు ఉప్పలయ్య.

లక్ష్మీనారాయణ తిప్పాడు. ఉప్పలయ్య మోచేతి మీద లేచాడు.

"సదానందం, ఆ ఎర్రంగి పిలగానికి గ్లాసు నిండలే. ఆ ముసలమ్మకు చల్లార్చి పొయ్యి. ఏయ్ మేస్త్రీ, ఎందుకు లేస్తాన్నవ్? కూసో! పక్కోడు ఇంక తాగుతాండు. బంతిల ఒక్కరు తింటున్నా తతిమ్మోళ్లు లేవొద్దు, ఎరుకలేదా?"

మేస్త్రీ నాలుక కరుచుకుని కూర్చున్నాడు.

రమ గడప మీద నిలబడి చూస్తున్నది. కోపం ఇంకా దిగలేదు. బక్కమ్మ వచ్చి ఆమె చేతిలో గ్లాసు పెట్టింది. "నీ కోపం నీకుండనియ్యి. గుండిగ ఖాళీ కావాలె గద. తాగు." అలసటో, ఆకలో, రమ అక్కడే మెట్టు మీద కూలబడి తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. డ్యూటీ దిగి వచ్చిన సుదర్శన్, ఇదేం జాతరో అర్థం కాకపోయినా, ఖాళీ చోటు చూసి బంతిలో కూర్చుని రెండు గ్లాసులు తాగాడు.

అందరూ లేచారు. గ్లాసులు కడిగి బోర్లించారు. సదానందం గుండిగ అడుగు గీకుతున్నాడు.

"ఇగ నాకింత పొయ్యిర్రి," అన్నాడు ఉప్పలయ్య.

సదానందం చేతిలో గంటె ఆగిపోయింది. బక్కమ్మ అడుగున మిగిలిన దాంట్లో వేడినీళ్లు కలిపి, పలుచన చేసి, గ్లాసులో పోసి ఇచ్చింది. ఇచ్చి అటు తిరిగింది. సదానందం పొయ్యి వైపు తిరిగాడు. లక్ష్మీనారాయణ ఆకాశంలో కొంగ పోతున్నదని చూపించాడు, కొంగ ఏమీ లేదు. ఉప్పలయ్య తన చేత్తోనే గ్లాసు పట్టుకుని, గుక్క గుక్కకూ ఆగుతూ, సగం దాకా తాగాడు. చెంబు వైపు చూడలేదు.

రమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నల్లా దగ్గరికి పోయింది. బక్కమ్మ వెనకే పోయింది.

"అత్తా, నేను ఒట్టు పెడితే దిగలే. కాళ్లు పట్టుకుంటే దిగలే. ఇప్పుడెట్ల దిగె?"

"ఒక ముచ్చట చెప్పు. ఆయన ముందట నువ్వు ఎన్నడన్న తిన్నవా, ఈ మధ్యల?"

"బాపు తినకముందు నేనెట్ల తింట?"

"గదే బిడ్డా." బక్కమ్మ నల్లా గట్టు మీద కూర్చుంది. "ఆఖరి బంతి లేసేదాక ముప్పై ఏండ్లు మెతుకు ముట్టని మనిషి. ఆకలిగొన్నోళ్లు ఎదురుంగ ఉంటే ఆయన గొంతు మూసుకపోతది. నువ్వు ఎండిన మొఖంతోని చెంచా పట్టుకొని కూసుంటివి. అల్లుడు ప్లేటు మీద మూత పెట్టిపాయె. మాకన్న మతి ఉండొద్దా? ఏండ్లకొద్ది పక్కన వండినోళ్లం, మేం గూడ ముందుగాల ఆయనకే తీస్కపోయి ఇస్తిమి. అందరం కలిసి ఆయనను మొదటి బంతిల కూసోబెట్టినం."

రమ కండ్లు కడుక్కుని లోపలికి పోయి మంచం పట్టె మీద కూర్చుంది.

"చెప్పొచ్చు గద బాపూ."

"నాకు మాత్రం ఎరుకనా? దిగకపోతే, నీ చేతి జావ మంచిగ లేదేమో అనుకున్న," అన్నాడు ఉప్పలయ్య. కూతురి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు గట్ల ఎండిపోయి కూసుంటే నాకు చిలుకమ్మ యాదికొస్తది బిడ్డా. అదీ గిట్లనే, నా కోసం తినకుండ కూసునేది."

బయట బక్కమ్మ మూట కట్టుకుని నిలబడింది. సదానందం ఆటో కోసం సందు చివరి వైపు చూస్తున్నాడు. రమ గడప దాకా వచ్చింది కానీ ఉండమని అడగడానికి నోరు రాలేదు. సుదర్శన్ గొంతు సవరించుకున్నాడు.

"సాయంత్రం బస్సు లేదు. క్యాన్సిల్."

"ములుగు బస్సా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ములుగు, తొర్రూరు, ధర్మసాగర్. అన్ని."

"ధర్మసాగర్‌కు ఆటోలున్నయ్ గద," అన్నాడు సదానందం.

"అవి గూడ క్యాన్సిలే. నేను కండక్టర్ను, నాకెరుక."

రమ నవ్వలేక, ఏడవలేక, బక్కమ్మ చేతిలోని మూట లాక్కుని లోపల పెట్టింది.

*

సోమవారం రమ డాక్టరు ముందు కూర్చుని జరిగింది చెప్పింది. "పైపు వద్దు సార్. ఆయన అడుగుతాండు. అడిగినప్పుడే పోస్తం."

డాక్టరు శ్రద్ధగా విన్నాడు. "మంచిదమ్మా. అడిగినంతే ఇవ్వండి, బలవంతం వద్దు. నొప్పి మందు మారుస్తాను. ఆయన సుఖంగా ఉండటమే మనకు ముఖ్యం. కానీ జబ్బు తగ్గుతుందని మాత్రం అనుకోకండి."

"అనుకుంట లేను సార్," అన్నది రమ. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదలు. అన్నాక, గుండె మీది బండ దిగకపోయినా, కాస్త పక్కకు జరిగినట్టనిపించింది.

ఇంట్లో వరస మారింది. మంచం ఎదురుగానే చాప పరిచి, అందరూ ముందే, చప్పుళ్లు చేస్తూ, ఇంకింత అడిగి వేయించుకుంటూ తినేవారు. ఉప్పలయ్య మంచంలోంచి ఎవరి ప్లేటులో ఏం తక్కువైందో చెప్పేవాడు. అందరూ లేచాక ఒకనాడు గ్లాసెడు, ఒకనాడు రెండు గుక్కలు అడిగేవాడు. అడగని రోజూ ఉండేది. ఆ రోజు రమ గిన్నె కడిగి బోర్లించేది, ఒట్టు పెట్టేది కాదు.

ఒక పొద్దున ఉప్పలయ్య అన్నాడు. "ఇయ్యాల గుండిగ ఎక్కియ్యుర్రి. పప్పుచారు. రమ పెడ్తది."

"నేనా? గుండిగల నేనెన్నడు వండిన బాపూ?"

"నేను చెప్త. ముక్కున్నది గద నాకు."

సందుకంతా పిలుపు పోయింది. సదానందం మంట పెట్టాడు, బక్కమ్మ ఉల్లిగడ్డలు, మునక్కాయలు కోసి ఇచ్చింది. కత్తిపీట మాత్రం ఉప్పలయ్య చేతికియ్యలేదు, చీర కుచ్చిళ్ల కింద పెట్టుకునే కోసింది. ఉప్పలయ్య కండ్లు మూసుకుని పొయ్యి వైపు ముఖం పెట్టాడు. "పప్పు మెదిగింది. ఇగ చింతపండు రసం పొయ్యి... మంట తగ్గియ్యి సదానందం, నీ పెండ్లి కాదిది... పసుపు పడ్డది. ఇగ..."

అక్కడ దగ్గు వచ్చింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి మనిషి వంకర పోయాడు. రమ గంటె వదిలేసి పరుగెత్తింది. వీపు నిమిరి, నీళ్లతో పెదవులు తడిపి, ఊపిరి కుదుటపడ్డాక తిరిగి వచ్చి పోపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి, వెల్లుల్లి ఘుమఘుమ సందు మొదటికి పోయింది. రైలైతే ఏదీ ఆగలేదు కానీ, పాలవాడి స్కూటరు ఆగింది.

ఉప్పలయ్య గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. కండ్లు తెరిచి కూతురి వైపు చూశాడు. చెమటతో, పొగతో, రమ ముఖం వెలిగిపోతున్నది.

"ఎట్లున్నది బాపూ వాసన?"

"మంచిగున్నది," అన్నాడు. తర్వాత మెల్లగా, "బక్కవ్వా, ఆకుల మీద ఉప్పు జర ఎక్కువ వెయ్యి," అన్నాడు.

బక్కమ్మ ఆయన వైపోసారి, గుండిగ వైపోసారి చూసి తలూపింది.

బంతులు లేచాయి. మేస్త్రీలు తిన్నారు, నర్సింగు పిల్లలు తిన్నారు, పాలవాడు రెండోసారి అన్నం కలిపాడు. సుదర్శన్ వడ్డించి వడ్డించి, ఆఖరికి తానూ తిని లేచాడు. రమ ఎంగిలాకులు ఎత్తి, నేల తుడిచి, ఆఖరి వరసకు ఆకులు పరిచింది. సదానందం, లక్ష్మీనారాయణ కలిసి, "హుషార్... దించు" అని ఉప్పలయ్యను చాప మీదికి దించి, వెనక దిండ్లు పెట్టారు. బక్కమ్మ వచ్చి కూర్చుంది. రమ వడ్డించడానికి బకెట్ అందుకుంది.

"నువ్వెటు పోతాన్నవ్?" అన్నాడు ఉప్పలయ్య.

"వడ్డిస్త బాపూ."

"అల్లుడు వడ్డిస్తడు. ఇది వంటోళ్ల బంతి. వండింది ఎవలు?" పక్కనున్న ఖాళీ చోటు అరచేత్తో తట్టాడు. "ఇటు కూసో."

రమ బకెట్ పట్టుకుని ఒక క్షణం అట్లాగే నిలబడింది. చిన్నప్పటి బియ్యం మూటలు, పెట్రోమాక్స్ వెలుగు, కునికిపాట్లు, ఎంత ఆపుకున్నా మూతపడిపోయే కండ్లు. ఇన్నేళ్లకు మెలకువగా ఉంది. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

సుదర్శన్ అందరికీ వడ్డించి, మామకు గ్లాసులో పప్పుచారు మీది తేట పోసి ఇచ్చాడు. ఉప్పలయ్య ఒక గుక్క తాగి కండ్లు మూసుకున్నాడు. రమ అన్నం కలిపి మొదటి బుక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"బాపూ! ఉప్పెయ్యలే నేను!"

ఎవరూ తలెత్తలేదు. సదానందం ఆకు మీది ఉప్పు అద్దుకుంటూ బుద్ధిగా తింటున్నాడు. ఉప్పు కోసం గుండిగ మోరీలో పోసిన మనిషి, గ్లాసు పక్కన పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"నాకేం తెలుస్తది? నాలికె చచ్చిపాయె గద."

"నాలికె చచ్చింది, ముక్కు చావలే," అన్నది బక్కమ్మ. "పోపు పెట్టినప్పుడే తెలిసింది ఆయనకు."

"మరి చెప్పొద్దా? అందరికి గదే పెట్టిస్తివి!"

"అందరు మంచిగనే తిన్నరు. పాలోడు రెండుసార్లు తినె," అన్నాడు ఉప్పలయ్య. "నీ మొఖం మంచిగుండె బిడ్డా. చెప్ప బుద్ధి కాలే."

"నేనేస్తే చింతచెట్టెక్కించిండు," అన్నాడు సదానందం గోడతో చెబుతున్నట్టు.

"నువ్వు నా బిడ్డవా మరి?"

లక్ష్మీనారాయణకు నవ్వు వచ్చి పొలమారింది. బక్కమ్మ ఆయన నెత్తి మీద తట్టింది. రమ నవ్వుతున్నదే కానీ కండ్ల నీళ్లు ఆగడం లేదు.

"ఏడ్సుడు బంద్ చెయ్యి," అన్నాడు తండ్రి. "ఆకుల పడి ఇప్పుడు ఉప్పెక్కువైతది. అల్లుడూ, నాకింకింత పొయ్యి."

సుదర్శన్ పోశాడు. ఉప్పలయ్య తాగాడు, ఆగాడు, మళ్లీ తాగాడు. సందు చివర ఎండ మెత్తబడింది. సదానందం ఆకు మడిచే ముందు పక్కకు చూశాడు. రమ ఆకులో ఇంకా అన్నం ఉంది. మడవకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బక్కమ్మ చూసింది, ఆమే కూర్చుంది.

తండ్రి గ్లాసు ఖాళీ అవుతున్నది. బంతిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు. రమ చిన్న బుక్క చేసుకుంది, దానికంటే చిన్నది ఇంకొకటి చేసుకుంది, మెల్లగా, తొందరేమీ లేనట్టు తినసాగింది.